ఫిజిక్స్ విభాగంలో విద్యార్థులు, అధ్యాపకులు సాధించినవి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా విభాగంలో ఎవరెవరు ఏమేం సాధించారో అడిగి, సరిచూసి, విభాగం నివేదికగా ఒకచోట రాసే పని కొన్నేళ్లుగా నేను చేస్తున్నాను. ప్రతిసారీ అవే సందేహాలు వస్తాయి. మొదటి ప్రాజెక్టు ముగించిన విద్యార్థి అడిగేదీ, పాతికేళ్లుగా పాఠం చెబుతున్న ప్రొఫెసర్ అడిగేదీ చాలాసార్లు ఒకటే: "ఇది రాయవచ్చా? రాస్తే ఎలా రాయాలి?" అందుకే జవాబులన్నీ ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## పని మొదలైన రోజుల్లో

నేనింకా డిగ్రీలోనే ఉన్నాను. చిన్న ప్రాజెక్టు చేశాను. అది కూడా రాయవచ్చా?

రాయవచ్చు. కాకపోతే ఏం చేశారో తెలిసేలా రాయాలి. "కాస్మిక్ కిరణాలపై చక్కటి ప్రాజెక్టు చేశాను" అంటే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. "మ్యూయాన్ డిటెక్టర్ కట్టి, వాటి సగటు జీవితకాలం కొలిచాను, ఇంత వచ్చింది, ఎర్రర్ ఇంత" అంటే పని కళ్లకు కడుతుంది. మ్యూయాన్ అంటే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టి, కాసేపట్లోనే క్షీణించే కణం. దాని జీవితకాలం దాదాపు 2.2 మైక్రోసెకన్లని పుస్తకాల్లో ఉంటుంది. ల్యాబ్‌లో కొలిస్తే సాధారణంగా కొంచెం తక్కువ వస్తుంది. పదార్థంలో ఆగిపోయిన రుణావేశ మ్యూయాన్లలో కొన్నింటిని అవి క్షీణించేలోపే కేంద్రకాలు పట్టేసుకోవడం దానికి కారణం. ఆ తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పగలిగిన విద్యార్థి ప్రాజెక్టు నా దృష్టిలో చిన్నది కాదు. మీ కోడ్‌నో, మీరు కట్టిన సర్క్యూట్‌నో జూనియర్లు ఇప్పటికీ వాడుతుంటే ఆ మాట కూడా తప్పకుండా రాయండి.

విద్యార్థిగా ఉండగా నిజంగా పెద్ద పని జరుగుతుందా? అదంతా గైడ్ పనే కదా?

జరుగుతుంది, చాలాసార్లు జరిగింది. బ్రయాన్ జోసెఫ్‌సన్ 1962లో తన పేరుతోనే పిలిచే ప్రభావాన్ని ఊహించినప్పుడు వయసు 22, ఇంకా పరిశోధక విద్యార్థి. 1973లో నోబెల్ వచ్చింది. లూయీ డి బ్రోయ్ 1924లో సమర్పించిన థీసిస్‌కే 1929లో నోబెల్ వచ్చింది. చంద్రశేఖర్ 1930లో ఓడలో ఇంగ్లండ్ వెళుతూ తెల్లమరుగుజ్జు నక్షత్రాల ద్రవ్యరాశి పరిమితిని లెక్కకట్టినప్పుడు ఆయనకు పంతొమ్మిదేళ్లు. నోబెల్ మాత్రం 1983లో వచ్చింది.

వీటన్నిటిలో నాకు బాగా దగ్గరగా అనిపించేది జోసెలిన్ బెల్ కథ. 1967లో కేంబ్రిడ్జిలో ఆమె పీహెచ్‌డీ విద్యార్థిని. టెలిస్కోప్ రోజుకు ముప్పై మీటర్ల దాకా చార్ట్ పేపర్ విడిచేది, ఆమె దాన్ని కళ్లతోనే చదివేవారు. అందులో నక్షత్రానికీ సరిపోని, భూమి మీది రేడియో గోలకూ సరిపోని చిన్న గీతల గుంపు కనిపించింది. వదిలేయకుండా మళ్లీ మళ్లీ వెతికారు. దాదాపు 1.34 సెకన్లకొకసారి క్రమం తప్పకుండా వచ్చే స్పందనలవి. అదే మొదటి పల్సర్, అంటే వేగంగా తిరుగుతూ రేడియో స్పందనలు పంపే నక్షత్రం. రోజూ డేటా ముందు కూర్చునేది విద్యార్థే. అందుకే, ఏది మామూలుగా లేదో ముందుగా విద్యార్థి కంట పడే అవకాశం ఎక్కువ. గైడ్ ఇచ్చే దారి ఎంత విలువైనదో ఆ చూపూ అంతే విలువైనది.

సదస్సులో పోస్టర్ పెట్టాను. నా స్నేహితుడు ప్రసంగం ఇచ్చాడు. అతనిదే ఎక్కువా?

అలా చెప్పలేం. పోస్టర్ దగ్గర ఒక నిపుణుడు అరగంట నిలబడి ప్రశ్నలు వేస్తే, పన్నెండు నిమిషాల ప్రసంగం కంటే ఎక్కువే నేర్చుకోవచ్చు. రాసేటప్పుడు మాత్రం రకం స్పష్టంగా పెట్టండి: పోస్టరా, మీరు దరఖాస్తు చేస్తే దొరికిన ప్రసంగమా, నిర్వాహకులే పిలిచిన ఆహ్వాన ప్రసంగమా. ఈ మూడింటినీ "ప్రసంగించారు" అనే ఒక్క మాటతో సరిపెట్టకూడదు.

## పేపర్ దశలో

ఆర్కైవ్‌లో పెట్టేశాం. పేపర్ వచ్చినట్టే కదా?

పని లోకానికి తెలిసినట్టు. జర్నల్‌లో వచ్చినట్టు కాదు. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన ఆర్కైవ్ (పేపర్లను జర్నల్‌లో రాకముందే, ప్రీప్రింట్లుగా ఉచితంగా పెట్టే వెబ్‌సైటు) ఫిజిక్స్‌కు చేసిన మేలు చాలా పెద్దది. జర్నల్ కొనలేని చోట ఉన్న విద్యార్థి కూడా ఈరోజు వచ్చిన పేపర్ ఈరోజే చదవగలుగుతున్నాడు. కానీ అక్కడ పేపర్‌ను చదివి తప్పొప్పులు చెప్పే రిఫరీలు ఉండరు. విషయానికి తగినదా కాదా అని పైపై పరిశీలన మాత్రమే ఉంటుంది. కాబట్టి ప్రీప్రింట్, పరిశీలనలో ఉంది, ఆమోదం పొందింది, ప్రచురితమైంది అనే నాలుగు మాటల్లో ఏది నిజమో అదే రాయండి. ప్రీప్రింట్ అని రాసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. లేని ఆమోదాన్ని రాస్తే మాత్రం, ఎవరైనా ఒక్కసారి వెతికితే బయటపడుతుంది.

రచయితల వరుసలో నా పేరు ఎన్నోది అన్నది అంత ముఖ్యమా?

మీరు ఏ శాఖలో ఉన్నారన్న దాన్ని బట్టి. ఘనపదార్థాలు, లేజర్లు, పదార్థ విజ్ఞానం వంటి ప్రయోగ శాఖల్లో సాధారణంగా ఎక్కువ పని చేసినవారి పేరు ముందు, బృందం నడిపినవారి పేరు చివర ఉంటుంది. హై ఎనర్జీ సిద్ధాంతంలో అక్షరక్రమమే ఆనవాయితీ, అక్కడ మూడో పేరుకు ప్రత్యేకించి అర్థం లేదు. ఈ తేడా తెలియని కమిటీ ముందు సిద్ధాంత విద్యార్థులు నష్టపోవడం చూశాను. అందుకే మీ వివరాల్లో "రచయితల పేర్లు అక్షరక్రమంలో" అని ఒక ముక్క చేర్చండి.

పేర్ల వల్ల ఎంత తేడా వస్తుందో 1948 నాటి ఒక పేపర్ చెబుతుంది. విశ్వం తొలి క్షణాల్లో మూలకాలు ఎలా పుట్టాయన్నది రాల్ఫ్ ఆల్ఫర్ పీహెచ్‌డీ పని. గైడ్ జార్జ్ గామోవ్, గ్రీకు అక్షరాలు ఆల్ఫా, బీటా, గామా గుర్తొచ్చేలా ఉంటుందని ఆ పనిలో పాలుపంచుకోని హాన్స్ బేథే పేరు మధ్యలో చేర్చారు. సరదాగా చేసిన పనే. కానీ అప్పటికే ప్రసిద్ధులైన ఇద్దరి మధ్య విద్యార్థి పేరు మరుగున పడింది. ఆల్ఫర్‌కు ఆ బాధ చాలాకాలం ఉండిపోయింది.

ఇప్పుడు చాలా జర్నళ్లు ఎవరు ఏం చేశారో విడిగా రాయమంటున్నాయి. దానికోసం ఆలోచన, కొలతలు, సాఫ్ట్‌వేర్, విశ్లేషణ, రాత వంటి పద్నాలుగు పాత్రల పట్టిక ఒకటి వాడుకలో ఉంది. దాన్ని పేపర్ పంపే రోజు రాత్రి హడావుడిగా నింపకండి. పని మొదలైనప్పుడే గైడ్‌తో కూర్చుని మాట్లాడుకోండి. "సార్, ఇందులో నా భాగం ఏది?" అని మొదట్లో అడిగితే మామూలు ప్రశ్న. చివర్లో అడిగితే అది తగాదాలా వినిపిస్తుంది.

వేలమంది రచయితలున్న పేపర్‌లో నా పేరుంది. నేను సాధించినట్టు చెప్పుకోవచ్చా?

చెప్పుకోవచ్చు, పక్కన మీ వంతు రాస్తే. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిపై 2015లో సెర్న్‌లోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాల బృందాలు కలిసి ఇచ్చిన పేపర్‌కు రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లకూ సంస్థలకే సరిపోయాయి. గురుత్వ తరంగాలు దొరికాయని 2016 ఫిబ్రవరిలో చెప్పిన పేపర్‌కూ వెయ్యిమందికి పైగా రచయితలున్నారు. అంతమంది లేకపోతే ఆ యంత్రాలు నడవవు, కాబట్టి ఆ పేర్లు ఊరికే వచ్చినవి కావు. అయితే విభాగం నివేదికలో "హిగ్స్ ద్రవ్యరాశి కొలిచారు" అని ఒక్కరి పేరు మీద రాస్తే అది నిజం కాదు. "ఫలానా డిటెక్టర్ కాలిబ్రేషన్ చూశారు", "నేపథ్య శబ్దాన్ని వేరుచేసే కోడ్ రాశారు" అంటే నిజం, గౌరవం కూడా.

రిఫరీ పేపర్‌ని తిప్పికొట్టారు. చాలా టెన్షన్‌గా ఉంది. నా పని పనికిరానిదా?

కానక్కర్లేదు. 1964లో పీటర్ హిగ్స్ రెండో పేపర్‌ను ఒక జర్నల్ తిరస్కరించింది. ఆయన దానికి కొంత చేర్చి వేరే జర్నల్‌కు పంపారు. అలా చేర్చిన భాగంలోనే కొత్త కణం (ఇప్పుడు హిగ్స్ బోసాన్ అంటున్నది) ప్రస్తావన వచ్చింది. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ తన పేపర్ ఇంగ్లండ్‌లో అచ్చు కాకపోవడంతో నేరుగా ఐన్‌స్టీన్‌కు పంపారు. ఆయన స్వయంగా జర్మన్‌లోకి అనువదించి వేయించారు.

ఇవి తలచుకుని రిఫరీ మాట కొట్టిపారేయమని మాత్రం అనడం లేదు. లేఖను రెండు రోజులు పక్కన పెట్టండి. తర్వాత ఒక్కో అభ్యంతరాన్నీ విడిగా రాసుకుని, కొలతతో జవాబు చెప్పగలిగేవి ఏవో, రాత సరిచేస్తే పోయేవి ఏవో విడదీయండి. రెండో రకమే ఎక్కువ ఉంటుందని నా అనుభవం.

డబ్బు కడితే వారంలో వేస్తామని ఒక జర్నల్ మెయిల్ పంపింది. వేయించుకోనా?

వద్దు. అందరూ ఉచితంగా చదివేలా వేసే మంచి జర్నళ్లు కూడా రుసుము తీసుకుంటాయి, కాబట్టి డబ్బు అడగడమొక్కటే తప్పు కాదు. వారంలో ఖాయంగా వేస్తామన్నారంటే రిఫరీలు చదవరని అర్థం. సంపాదకవర్గంలో మీ శాఖవారు ఉన్నారా, మీరు చదివే పేపర్లలో ఆ జర్నల్ ప్రస్తావన ఎప్పుడైనా వచ్చిందా, ఈ రెండూ చూడండి చాలు. ఒక విద్యార్థి ఏడాదిన్నర కష్టపడి తీసిన కొలతను ఇలాంటిచోట ఇచ్చేశాడు. ఒకసారి అచ్చయినదాన్ని మంచి జర్నల్ మళ్లీ తీసుకోదు. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

## అవార్డులు, ఫెలోషిప్‌ల దగ్గర

అవార్డుకు నా పేరు నేనే పంపుకుంటే బాగోదేమో?

నిబంధనలు ఒప్పుకుంటే పంపండి. నోబెల్ లాంటి కొన్నింటికి ఎవరి పేరు వారు ప్రతిపాదించుకోకూడదు. విద్యార్థి పురస్కారాలు, ట్రావెల్ గ్రాంట్లు, యువ శాస్త్రవేత్తల ఫెలోషిప్‌లలో చాలావాటికి దరఖాస్తు మనమే పెట్టుకోవాలి. డోనా స్ట్రిక్లాండ్ తన గైడ్ జెరార్ మూరూతో కలిసి 1985లో వేసిన పేపర్‌కు 2018లో నోబెల్ వచ్చింది. అప్పటికి ఆమె ఇంకా అసోసియేట్ ప్రొఫెసరే. ఎందుకని అడిగితే, పూర్తి ప్రొఫెసర్ హోదాకు తాను దరఖాస్తే పెట్టలేదని చెప్పారు. అడగనిదే చాలా చోట్ల ఏదీ రాదు. అర్హత ఉండి కూడా దరఖాస్తు పెట్టనివారు ప్రతి విభాగంలోనూ ఉంటారు. అధ్యాపకులు అలాంటివారిని వెతికి మరీ పెట్టించాలి.

సిఫార్సు లేఖ అడగడానికి మొహమాటంగా ఉంది. ఎలా అడగాలి?

గడువుకు కనీసం మూడు వారాల ముందు అడగండి. "మేడమ్, నా పని గురించి వివరంగా రాయగలరా?" అని అడిగితే, రాయలేనివారు మర్యాదగా తప్పుకునే వీలుంటుంది. ఒప్పుకున్నాక ఒక పేజీ పంపండి: ఏం కొలిచారు, ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు. ఇరుక్కున్న కథ ఉన్న లేఖే కమిటీకి గుర్తుంటుంది.

ఇద్దరం కలిసి చేశాం. అవార్డు ఒకరికే వచ్చింది. నివేదికలో ఎవరి పేరు రాస్తారు?

అవార్డు ఎవరికి వచ్చిందో వారి పేరు, పని ఎవరెవరు చేశారో అందరి పేర్లు. పల్సర్ల ఆవిష్కరణకు గాను 1974లో ఆంటొనీ హ్యూయిష్‌కు నోబెల్ ఇచ్చారు, జోసెలిన్ బెల్‌కు ఇవ్వలేదు. కుడి ఎడమల సౌష్ఠవం కొన్ని చర్యల్లో ఉండదని చియెన్-షియుంగ్ వూ ప్రయోగంతో చూపించారు. 1957 నోబెల్ ఆ సంగతి ఊహించిన లీ, యాంగ్‌లకే వెళ్లింది. వూకు 1978లో తొలి వోల్ఫ్ బహుమతి వచ్చింది. నోబెల్‌ను ఒక ఏడాది ముగ్గురికి మించి పంచరు. ఆ పరిమితి బహుమతిది. నివేదిక రాసేవాళ్లకు అలాంటి పరిమితి ఏదీ లేదు, ఇంకో పేరు రాయడానికి ఒక లైను చాలు.

2018లో ఆ జోసెలిన్ బెల్‌కే (పెళ్లయ్యాక బెల్ బర్నెల్) ముప్పై లక్షల డాలర్ల ప్రత్యేక బ్రేక్‌త్రూ బహుమతి వచ్చింది. ఆ మొత్తాన్ని, ఫిజిక్స్‌లో తక్కువగా కనిపించే వర్గాలనుంచి వచ్చే పీహెచ్‌డీ విద్యార్థుల ఫెలోషిప్‌లకే ఇచ్చేశారు.

వచ్చిన అవార్డు పెద్దదో చిన్నదో ఎలా తెలుస్తుంది?

ఎవరు ఎంపిక చేశారు, ఎంతమందిలోంచి, ఏ పనికి? ఈ మూడింటికీ జవాబు ఉండాలి. ఉదాహరణకు అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఏటా తన సభ్యుల్లో అర శాతానికి మించకుండా ఫెలోలను ఎన్నుకుంటుంది, ఏ పనికి ఎన్నుకుందో ఒక వాక్యంలో చెబుతుంది. షీల్డుకూ విందుకూ మీరే డబ్బు కట్టాల్సిన "అంతర్జాతీయ పురస్కారం" నేను నివేదికలో చేర్చను.

## అధ్యాపకుల విషయంలో

హెచ్-ఇండెక్స్ ఎక్కువున్నవారే గొప్పవారా?

కాదు. ఒకరి పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారో చూసి లెక్కగట్టే ఈ కొలత 2005లో హోర్హే హర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇచ్చినది. ఒకరి ఐదు పేపర్లకు వరుసగా 50, 18, 7, 4, 3 ప్రస్తావనలుంటే, కనీసం నాలుగేసి ప్రస్తావనలున్నవి నాలుగు, కాబట్టి ఇండెక్స్ 4. ఆ 50 కాస్తా 5,000 అయినా అది 4 దగ్గరే ఉంటుంది. అంటే ఒకే ఒక్క గొప్ప పేపర్‌ను ఇది పట్టుకోలేదు. వయసుతో పాటు పెరుగుతుందే తప్ప తగ్గదు. వేలమంది పనిచేసే శాఖలో ఎక్కువ, పదిమంది పనిచేసే శాఖలో తక్కువ వస్తుంది. 2013లో నోబెల్ అందుకున్న హిగ్స్, 1964 తర్వాత వేసిన పేపర్లు చాలా కొద్ది. జర్నల్ పేరును బట్టీ దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (అందులోని పేపర్లకు సగటున వచ్చే ప్రస్తావనలను) బట్టీ మనిషిని తూచవద్దని 2012లో రూపుదిద్దుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కోరింది. నివేదికలో నేను ఒక్కో అధ్యాపకుణ్నీ, అధ్యాపకురాలినీ అడిగేది ఒకటే: ఈ ఏడాది చేసినవాటిలో మీకు నచ్చిన రెండు పనులు, ఒక్కోదానికి మూడు వాక్యాలు.

బాగా పాఠం చెప్పడం కూడా రాస్తారా? దాన్ని కొలవడం ఎలా?

రాస్తాను, మొదటి పేజీలోనే. ఫిజిక్స్‌కు ఈ విషయంలో మంచి కొలబద్ద ఉంది. 1992లో వచ్చిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే పరీక్షలో లెక్కలుండవు. పైకి విసిరిన బంతి మీద ఏ బలాలు పనిచేస్తాయి వంటి ప్రశ్నలు ఉంటాయి. కోర్సు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పెడతారు. తరగతి సగటు 40 నుంచి 64కు పెరిగిందనుకోండి. పెరగడానికి మిగిలింది 60, పెరిగింది 24, కాబట్టి లాభం 0.4. రిచర్డ్ హేక్ 1998లో ఆరు వేలమందికి పైగా విద్యార్థుల ఫలితాలు చూస్తే, కేవలం ఉపన్యాసంతో సాగిన కోర్సుల్లో ఈ లాభం సగటున 0.23, విద్యార్థుల చేత మాట్లాడించి చేయించిన కోర్సుల్లో 0.48 వచ్చింది. మీ తరగతిలో ఇది కొలిచి పంపితే, అవార్డు లేకపోయినా అది విభాగం సాధించినదే.

పెద్ద గ్రాంట్ వచ్చింది. పేటెంట్‌కు దరఖాస్తు చేశాం. రెండూ రాయనా?

గ్రాంట్ రాయండి, కానీ మొత్తం ఒక్కటే కాదు, దానితో ఏ పరికరం వస్తోంది, ఎంతమంది విద్యార్థులకు పని దొరుకుతోంది అన్నదీ రాయండి. పేటెంట్ విషయంలో దరఖాస్తు పెట్టడం వేరు, మంజూరు కావడం వేరు.

## రాసి పెట్టేటప్పుడు, ఆ తర్వాత

ఒక్కో పేపర్‌లో నా పేరు ఒక్కోలా పడింది. ఏం చేయాలి?

ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట చివర, మరోచోట పొడి అక్షరాలు: దీనివల్ల ఒకే మనిషి ముగ్గురుగా లెక్కలోకి వస్తారు. 2012 నుంచి ఉన్న ఆర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా తీసుకుని, అన్ని పేపర్లనూ దానికి కలపండి. పెళ్లయ్యాక పేరు మారినా అది మారదు.

మేం గొప్పగా చెప్పుకున్న ఫలితం తప్పని తేలింది. ఇప్పుడెలా?

ఎక్కడ ప్రకటించారో అక్కడే సరిదిద్దండి. 2011లో ఒపెరా అనే ప్రయోగంలో న్యూట్రినోలనే అతి తేలికైన కణాలు కాంతి కంటే సుమారు 60 నానోసెకన్లు ముందు చేరినట్టు కనిపించింది. తమకే నమ్మశక్యంగా లేదని చెబుతూ, వెతకమని ఆ బృందం అందరి ముందూ పెట్టింది. చివరికి సరిగా బిగించని ఆప్టికల్ ఫైబర్ కేబుల్ దొరికింది, మరుసటి ఏడాదే సరిదిద్దుకున్నారు. ఇది పొరపాటు. డేటా కల్పించడం వేరే సంగతి: యాన్ హెండ్రిక్ షోన్ అనే భౌతిక శాస్త్రవేత్త విషయంలో 2002లో విచారణ జరిగి మోసం రుజువైంది, పేపర్లు వెనక్కి తీసుకున్నారు, తర్వాత డాక్టరేట్ కూడా పోయింది. పొరపాటు సరిదిద్దుకున్న విద్యార్థి పేరు నివేదికలోంచి తీసేయను. ఆ సవరణను కూడా పక్కనే వేస్తాను.

"ప్రపంచంలోనే మొదటిసారి" అని రాయమంటున్నారు. రాయవచ్చా?

ఆ శాఖలో బయటివారు ఒక్కరైనా అలా అన్నారా? అనకపోతే వద్దు. ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎంత కచ్చితత్వంతో చేశారో అంకె రాయండి.

ఈ ఏడాది నాకు పేపర్ లేదు, అవార్డు లేదు. పంపడానికి ఏమీ లేదు. ఏం రాయను?

ఈ మాట ఎక్కువగా పరికరం కట్టేవాళ్ల నుంచి వస్తుంది. రైనర్ వైస్ అనే భౌతిక శాస్త్రవేత్త గురుత్వ తరంగాలను పట్టే ఇంటర్‌ఫెరోమీటర్ (కాంతితో అతి చిన్న దూరాల తేడా కొలిచే పరికరం) గురించి, అందులో సంకేతాన్ని మరుగుపరిచే ఒక్కో అలజడి (నాయిస్) గురించి 1972లోనే వివరంగా రాసుకున్నారు. మొదటి సంకేతం 2015 సెప్టెంబర్ 14న వచ్చింది. మధ్యలోని నలభై మూడేళ్లూ ఎందరో అద్దాలు వేలాడదీశారు, శూన్యం లీకులు వెతికారు, కోడ్ రాశారు. మైకెల్సన్, మోర్లీ 1887లో ఎంత వెతికినా, కాంతిని మోసే మాధ్యమమని అప్పట్లో అనుకున్న ఈథర్ తాలూకు గాలి కనిపించలేదు. ఆ కనిపించకపోవడమే ఇప్పుడు ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. కాబట్టి ఈ ఏడాది ఏం కట్టారు, వాక్యూమ్ ఎంతకు దిగింది, ఏది పనిచేయలేదు, ఎందుకు పనిచేయలేదని అనుకుంటున్నారు, ఇవి నాలుగు లైన్లలో ల్యాబ్ నోట్‌బుక్ తేదీలతో పంపండి. మీ పేరుతో వేస్తాను.